పీడనం పెంచినా ధార దూరం పోవట్లేదా? వాటర్ గన్‌లో ముందు చూడాల్సింది పంపు కాదు

ప్రశ్న క్లుప్తంగా ఇది. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను గాలి ట్యాంకుగా పెట్టి, దానికి అర అంగుళం పైపు, బాల్ వాల్వ్ (రంధ్రమున్న బంతిని తిప్పితే తెరుచుకునే రకం), వాల్వ్‌ను ఆనుకునే ఎండ్ క్యాప్ (పైపు చివరి మూత), ఆ క్యాప్‌కు 2 మి.మీ. రంధ్రం పెట్టి చేసిన వాటర్ గన్ 2 బార్ల పీడనం దగ్గర 8 మీటర్లు కొడుతోంది. 4 బార్లు ఎక్కిస్తే 16 మీటర్లు వస్తుందనుకుంటే 9 కూడా సరిగ్గా రావట్లేదు. నీళ్లు సగం పొగమంచులా గాల్లోనే కలిసిపోతున్నాయి. ఇంకా గట్టి పంపు తెచ్చుకోవాలా?

వద్దు. పంపు బాగానే ఉంది, పీడనం నిజానికి ఎక్కువైంది. లోపం నీరు బయటికొచ్చే ముందు దాటే ఆ చివరి ఇరవై సెంటీమీటర్లలో ఉంది.

పీడనం ఇచ్చేది వేగం ఒక్కటే. నాజిల్ (నీరు బయటికొచ్చే కొన) దాటే క్షణంలో నీటి వేగం తెలియాలంటే గేజ్‌లో కనిపించే బార్ల వర్గమూలాన్ని 14తో గుణించండి. జవాబు సెకనుకు మీటర్లలో వస్తుంది. 1 బార్‌కు 14, 2 బార్లకు 20, 3 బార్లకు 24.5, 4 బార్లకు 28. మీ గేజ్ పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) ఉంటే 14.5తో భాగిస్తే బార్లు వస్తాయి. పీడనం రెండింతలైతే వేగం 1.4 రెట్లే పెరుగుతుందని గమనించండి. గాలి అనేదే లేకపోతే 45 డిగ్రీల వాలులో ప్రతి బార్‌కూ 20 మీటర్ల దూరం రావాలి. అంటే 2 బార్లకు 40 మీటర్లు. మీకు వస్తున్నది 8. మిగతా 32 మీటర్లూ గాలి నిరోధానికి పోతున్నాయి. కాబట్టి అసలు పని వేగం పెంచడం కాదు, ఆ పోయే భాగాన్ని తగ్గించడం.

గాలి ఇంతలా ఎలా ఆపగలుగుతోందో వాన చినుకుల్ని బట్టి తెలుసుకోవచ్చు. 5 మి.మీ. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. 1 మి.మీ. చినుకు 4 మీటర్ల వేగం దాటదు. అర మి.మీ. తుంపర అయితే 2 మీటర్లే. ఆ వేగం దగ్గర గాలి నిరోధం సరిగ్గా చినుకు బరువుతో సమానమవుతుంది, అందుకే అంతకు మించి వేగం అందుకోదు. ఇప్పుడు సెకనుకు 20 మీటర్లతో బయల్దేరిన బిందువును తీసుకోండి. 5 మి.మీ. బిందువును గాలి దాని బరువుకు స్థూలంగా 5 రెట్ల బలంతో వెనక్కి నెడుతుంది. 1 మి.మీ. బిందువును 15 నుంచి 20 రెట్ల బలంతో నెడుతుంది. తుంపరగా మారిన నీరు ఒకటి రెండు మీటర్లలోనే వేగమంతా పోగొట్టుకుని గాల్లో వేలాడుతుంది. ఇక విడిపోకుండా కలిసి ప్రయాణించే ధార సంగతి పూర్తిగా వేరు. ముందున్న నీరు గాలిని చీల్చుకుంటూ వెళ్తే వెనకున్న నీరు ఆ దారిలోనే వస్తుంది. ధార ఎన్ని మీటర్ల దాకా ధారగా ఉంటుంది, విడిపోయాక ఎంత పెద్ద బిందువులుగా విడిపోతుంది, ఈ రెండే దూరాన్ని నిర్ణయిస్తాయి.

రెండింటికీ ధార మందమే ముఖ్యం. 2 మి.మీ. ధార 4 బార్ల దగ్గర బయటికి రాగానే చితికిపోతుంది. అదే పీడనానికి 5 మి.మీ. ధార చాలా దూరం నిలబడుతుంది. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది చేత్తో పట్టే గొట్టాలకు వాడే నున్నని బోర్ (లోపలి రంధ్రం) నాజిల్ పని చేసే పీడనం 50 పీఎస్ఐ, అంటే దాదాపు 3.5 బార్లే. అది మీ సీసాలో ఉన్న పీడనం కన్నా తక్కువ. వాళ్ల నీరు 20 మీటర్లకు పైగా పోతున్నదంటే నాజిల్ కొన 22, 24 మి.మీ. ఉండడం వల్లే.

మొదటి మార్పుగా నాజిల్‌ను పెద్దది చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాలంటే 1 నుంచి 2 బార్ల మధ్య 3 లేదా 4 మి.మీ., 2 నుంచి 3 బార్ల మధ్య 4 లేదా 5 మి.మీ., 3 బార్లు దాటితే 5 లేదా 6. ఇవి చట్టం కాదు, ప్రయోగం మొదలుపెట్టే చోటు మాత్రమే. దీనికి చెల్లించే ధర నీళ్లు. 2 బార్ల దగ్గర 2 మి.మీ. నున్నని నాజిల్ సెకనుకు 60 మి.లీ. వదిలితే, 3 మి.మీ. 135, 4 మి.మీ. 240, 5 మి.మీ. 375, 6 మి.మీ. 540 మి.లీ. వదులుతుంది. లీటరు నీళ్లు 3 మి.మీ. నాజిల్‌తో ఏడెనిమిది సెకన్లు వస్తే 5 మి.మీ.తో మూడు సెకన్లలో అయిపోతాయి. దూరమూ కావాలి, ఎక్కువ సేపూ కొట్టాలి అంటే ట్యాంకు పెంచడం తప్ప దారి లేదు.

నాజిల్ ఆకారం గురించి కాస్త ఓపికగా చదవండి, ఇంట్లో చేసే గన్‌లలో దూరం ఎక్కువగా పోయేది ఇక్కడే. ఎండ్ క్యాప్‌కు మామూలుగా రంధ్రం పెడితే, నీరు అన్ని వైపుల నుంచీ లోపలికి ఒరుసుకుంటూ వచ్చి రంధ్రం దాటాక సన్నబడుతుంది. 5 మి.మీ. రంధ్రం నుంచి వచ్చే ధార నిజానికి 4 మి.మీ.కి కాస్త తక్కువే ఉంటుంది, ప్రవాహం లెక్కలో 62 శాతమే వస్తుంది. అయినా రంధ్రం అంచు లోపలివైపు పదునుగా, గోడ పలుచగా ఉంటే ఆ ధార అద్దంలా స్వచ్ఛంగా వస్తుంది, వేగం కూడా దాదాపు తగ్గదు. చిక్కంతా క్యాప్ గోడ మందంతో వస్తుంది. 2 మి.మీ. రంధ్రానికి 3, 4 మి.మీ. మందమున్న గోడ అంటే అది రంధ్రం కాదు, చిన్న గొట్టం. లోపలి అంచు దగ్గర విడిపోయిన నీరు ఆ గొట్టం గోడకు మళ్లీ అతుక్కుంటుంది, అతుక్కునే చోట సుడులు పుడతాయి, బయటికొచ్చే ధార ఉపరితలం గరుకుగా మారుతుంది. గరుకుగా బయటికొచ్చిన ధారను గాలి తేలిగ్గా పట్టుకుని చీలుస్తుంది. మీ పొగమంచుకు సగం కారణం ఇదే.

సరైన నాజిల్ లోపల కోన్ ఆకారంలో మెల్లగా సన్నబడుతూ వచ్చి, చివర్లో నాజిల్ వ్యాసానికి ఒకటి నుంచి రెండు రెట్ల పొడవు నేరుగా ఉండి, అక్కడ ఒక్కసారిగా ఆగిపోతుంది. 4 మి.మీ. నాజిల్ అయితే నేరు భాగం 4 నుంచి 8 మి.మీ. చాలు. నేరు భాగం పొడవు పెంచితే ధార బాగుపడదు, గోడ రాపిడి పెరుగుతుంది. బయటి అంచు పదునుగా, పైపుకు లంబంగా ఉండాలి. బయటి అంచును అందం కోసం గుండ్రంగా అరగదీస్తే నీరు ఆ వంపును పట్టుకుని పక్కకు తిరుగుతుంది, ధార గొడుగులా విచ్చుకుంటుంది. లోపలి అంచు నున్నగా, బయటి అంచు పదునుగా. ఇది తారుమారు చేసిన నాజిల్ ఎంత పీడనం పెట్టినా పనిచేయదు.

ఇంట్లో సులువుగా చేసుకునే పద్ధతి సిలికాన్ సీలెంట్ ట్యూబుకు వచ్చే పొడవాటి ప్లాస్టిక్ ముక్కు. లోపల సహజంగానే నున్నని కోన్. కావలసిన వ్యాసం దగ్గర కొత్త బ్లేడుతో ఒకే వేటున, ముక్కు పొడవుకు లంబంగా కోయండి. రంపంతో కోస్తే పీచులు మిగులుతాయి. ముక్కు మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి 2, 3 బార్ల లోపే వాడండి, దాని మొదలును ఎండ్ క్యాప్ లోపలివైపు నుంచి దూర్చి బిగిస్తే పీడనం దాన్ని బయటికి ఊడగొట్టదు, ఇంకా గట్టిగా ఒత్తుతుంది. గట్టి నాజిల్ కావాలంటే ఎండ్ క్యాప్‌కు ముందు రంధ్రం పెట్టి, అందులోంచి గ్రీజు రాసిన డ్రిల్ బిట్ వెనక భాగాన్ని నిలబెట్టి, క్యాప్ లోపల చుట్టూ ఎపాక్సీ పుట్టీని గరాటులా దిద్దండి. పుట్టీ గట్టిపడ్డాక బిట్ లాగేసి, 400 నంబరు, తర్వాత 1000 నంబరు ఎమెరీ పేపర్‌ను నీటితో తడిపి లోపలి గరాటును రుద్దండి. వేలు పెడితే ఎక్కడా గీత తగలకూడదు. రంధ్రం పెట్టేటప్పుడు బిట్‌ను నిలువుగా పట్టుకోండి. ఐదు డిగ్రీలు వాలినా ధార ఆ వైపుకు లాగుతుంది, ఇంకా ముఖ్యంగా ఒక అంచు ముందు, ఒక అంచు వెనక పడి ధార మెలి తిరుగుతుంది.

ఇప్పుడు నాజిల్ వెనక ఏముందో చూద్దాం. మీరు బాల్ వాల్వ్‌ను నాజిల్‌కు ఆనించి పెట్టారు. బాల్ వాల్వ్ సగం తెరుచుకున్నప్పుడు నీరు చంద్రవంక ఆకారంలో ఒక పక్కకు తన్నుకుంటూ వస్తుంది. పూర్తిగా తెరుచుకున్నా బంతి అంచుల దగ్గర సుడులుంటాయి. ఆ సుడులు చల్లబడడానికి నీటికి దారి, సమయం కావాలి. వాల్వ్‌కూ నాజిల్‌కూ మధ్య కనీసం 20, 25 సెంటీమీటర్ల నేరు పైపు ఉంచండి. ఆ పైపు లావుగా ఉంటే మరీ మంచిది. 4 మి.మీ. నాజిల్‌లో నీరు సెకనుకు 20 మీటర్లు పోతుంటే, 15 మి.మీ. బోర్ పైపులో దాని వేగం 1.4 మీటర్లు, 25 మి.మీ. బోర్‌లో అర మీటరు మాత్రమే. నెమ్మదిగా కదిలే నీటిలో సుడికి బలం ఉండదు, మిగిలిన కాస్తనూ కోన్ సన్నబడుతూ సాగదీసి తగ్గిస్తుంది. ఒకటి మాత్రం కోన్ తగ్గించలేదు, మెలి. మోచేయి వంపు దాటిన నీరు పైపులో గుండ్రంగా తిరుగుతూ వస్తుంది, కోన్‌లో సన్నబడే కొద్దీ ఆ తిరుగుడు ఇంకా వేగం అందుకుంటుంది, చేతులు ముడుచుకున్న నర్తకి గిర్రున తిరిగినట్టు. బయటికి రాగానే ధార విచ్చుకుపోతుంది.

మెలిని ఆపడానికి కూల్‌డ్రింక్ స్ట్రాలు చాలు. 5, 6 మి.మీ. స్ట్రాలను 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 25 మి.మీ. పైపులో కదలకుండా బిగుతుగా పేర్చండి. స్ట్రా వ్యాసానికి 8, 10 రెట్ల పొడవు ఉంటే నీరు తిరగడం మానేసి నేరుగా వస్తుంది. స్ట్రాల కట్ట నాజిల్ వైపు జారకుండా ఒక వాషర్‌నో, అడ్డంగా ఒక స్టీలు తీగనో ఆపుగా పెట్టాలి. స్ట్రాల చివరకూ కోన్ మొదలుకూ మధ్య 4, 5 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. కట్టను కోన్‌కు ఆనించి పెడితే ఒక్కో స్ట్రా నుంచి వచ్చిన చిన్న ధారలు కలిసిపోయే లోపే నాజిల్ వచ్చేస్తుంది, మేలు కన్నా కీడు ఎక్కువ. కోసిన అంచుల పీచులు కూడా తీసేయండి.

వాల్వ్ ముందు ఇంత పైపు ఉంటే అందులో నీరు కారిపోయి, తర్వాతి షాట్ మొదట్లో గాలి బుడగలతో తుప్పుమంటుందని అనుమానం రావచ్చు. 4 మి.మీ. లాంటి చిన్న రంధ్రమైతే వెనక వాల్వ్ మూసి ఉన్నప్పుడు లోపలికి గాలి పోయే దారి లేక నీళ్లు చాలావరకు నిలిచే ఉంటాయి. 6 మి.మీ. దాటితే గన్‌ను కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోవాలి.

లోపలి దారి ఇరుకు గురించి ఒక సులువు లెక్క. నీరు నడిచే దారిలో అన్నిటికన్నా సన్నని చోటు వ్యాసం నాజిల్ వ్యాసానికి మూడు రెట్లుంటే వాల్వులు, వంపులు అన్నీ కలిపినా పీడన నష్టం నాలుగైదు శాతం దాటదు. రెండు రెట్లుంటే 15 శాతం దాకా పోవచ్చు. ఒకటిన్నర రెట్లే ఉంటే మూడో వంతు పైన లోపలే ఖర్చవుతుంది. నాజిల్‌తో సమానమైన ఇరుకు ఉంటే నాజిల్ దగ్గరికి వచ్చే పీడనం పావు వంతుకు పడిపోవడం వింతేమీ కాదు. వ్యాసం నాలుగో ఘాతంలో పనిచేసే లెక్క కాబట్టి ఇంత తీవ్రంగా ఉంటుంది. మీ 2 మి.మీ. నాజిల్‌కు అర అంగుళం పైపు ఎప్పుడూ అడ్డం కాలేదు. నాజిల్ పెంచిన రోజు నుంచి దారిలోని ఇరుకులు అడ్డం కావచ్చు. పైపు అర అంగుళమే అయినా కొన్ని బాల్ వాల్వ్‌లలో బంతికున్న రంధ్రం 8, 9 మి.మీ. మాత్రమే ఉంటుంది. వాల్వ్ తెరిచి వెలుతురుకు పెట్టి చూడండి, స్కేలుతో కొలవండి. బంతి రంధ్రం పైపు బోర్‌తో సమానంగా ఉండే ఫుల్ బోర్ రకం కావాలి. గొట్టాన్ని తగిలించే పళ్ల కనెక్టర్లు ఇంకా మోసం చేస్తాయి. బయటికి 10 మి.మీ. కనిపించి లోపల 5, 6 మి.మీ. ఉంటాయి.

ట్యాంకులో గాలికీ నీటికీ పాళ్లు కూడా దూరాన్ని మారుస్తాయి, కానీ మొదటి క్షణంలో కాదు, షాట్ మధ్యలో. 2 లీటర్ల సీసాలో లీటరు నీళ్లు, లీటరు గాలి పెట్టి 3 బార్లు ఎక్కించారనుకోండి. వాతావరణ పీడనం కలిపితే అది 4 బార్లు. నీళ్లన్నీ పోయాక గాలి 2 లీటర్లకు వ్యాకోచించి 2 బార్లవుతుంది, గేజ్‌లో 1. షాట్ మొదట్లో వేగం 24.5, చివర్లో 14. అదే సీసాలో మూడింట రెండు వంతులు నీళ్లు నింపితే చివర్లో గేజ్ పీడనం 0.3 బార్‌కు పడిపోతుంది, ఆఖరి నీళ్లు కాళ్ల దగ్గర పడతాయి. మూడో వంతు మాత్రమే నింపితే చివర్లోనూ 1.6 బార్లకు పైనే ఉంటుంది. నిజానికి గాలి వేగంగా వ్యాకోచిస్తూ చల్లబడుతుంది కాబట్టి పడిపోవడం ఈ లెక్క కన్నా కాస్త ఎక్కువే. సగం నీళ్లు అనేది మంచి రాజీ.

కొందరు గాలి కాకుండా నీటినే పంపుతో ట్యాంకులోకి ఎక్కిస్తారు. మామూలు గాలి ఉన్న 2 లీటర్ల ట్యాంకులోకి నీరు పంపు చేసి 3 బార్లు తెస్తే లోపల లీటరున్నర నీరు చేరుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ నీరు అయిపోయే సరికి పీడనం సున్నా. నీరు ఎక్కించే ముందే సైకిల్ పంపుతో ట్యాంకులో 1 బార్ గాలి నింపి పెట్టుకుంటే, 3 బార్లు చేరేసరికి లీటరు నీరే పడుతుంది కానీ షాట్ చివరిదాకా 1 బార్ కన్నా దిగదు. అర లీటరు వదులుకుని ప్రతి చుక్కనూ దూరం పంపడం ఇది. నీటి పంపుకు బోర్ ఎంచుకునేటప్పుడు చేతి బలం చూసుకోండి. 20 మి.మీ. బోర్ పంపును 3 బార్లకు ఎదురు నెట్టాలంటే 9, 10 కిలోల బరువంత బలం కావాలి, 20 సెంటీమీటర్ల స్ట్రోక్‌కు 63 మి.లీ. ఎక్కుతాయి. 25 మి.మీ. అయితే 15 కిలోలు, 98 మి.లీ. పిల్లలు వాడేదైతే 20 మి.మీ. దాటొద్దు.

గాలి ట్యాంకుతో ఇంకో చిక్కు ఉంది. గన్‌ను పైకి వాల్చగానే నీరు ఒక మూలకు పోయి, గాలి బయటి దారిలోకి దూరుతుంది. అప్పుడు నీరు, గాలి కలిసి చీదినట్టు వస్తుంది. కాల్చే వాలులో పట్టుకున్నప్పుడు ట్యాంకులో అన్నిటికన్నా కిందున్న చోటు నుంచే నీరు బయటికి పోవాలి. సీసాను మూతి కిందికి ఉండేలా పైపు మీద నిలబెట్టడం అందుకే.

పీడనం పడిపోవడమే ఇష్టం లేకపోతే రబ్బరు ట్యాంకు ఉంది. లానీ జాన్సన్ కనిపెట్టి 1990లో బజారులోకి వచ్చిన, తర్వాత సూపర్ సోకర్ అని పేరు పడ్డ బొమ్మ గాలి పీడనంతో పనిచేసేది. 1996లో వచ్చిన సీపీఎస్ 2000 మోడల్‌లో గాలి బదులు రబ్బరు తిత్తి పెట్టారు. ఇంట్లో అయితే మందపాటి లాటెక్స్ గొట్టం ఒక చివర మూసి, రెండో చివర నీళ్లు ఎక్కిస్తారు. గొట్టం మొదట్లో కాస్త మొండికేసి, ఒక చోట ఉబ్బి, ఆ ఉబ్బు పొడవునా పాకుతుంది. పాకుతున్నంత సేపూ పీడనం దాదాపు మారదు. పొడవు పెంచితే నీళ్లు ఎక్కువ పడతాయి, పీడనం పెరగదు. పీడనం పెరగాలంటే గోడ మందం పెరగాలి, అంటే ఒకదాని మీద ఒకటి పొరలు వేయాలి. గొట్టాన్ని రంధ్రాలున్న లావుపాటి పైపులో ఉంచితే అతిగా ఉబ్బి చిరగదు. పెట్రోలియం జెల్లీ, నూనె లాటెక్స్‌ను తినేస్తాయి, సిలికాన్ గ్రీజు మాత్రమే రాయండి. వాడాక నీరంతా వదిలేసి నీడలో పెట్టండి.

చేత్తో నెట్టే పిచికారీ రకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గొట్టం లావైతే బలంగా కొడుతుందని అనుకుంటారు. 15 కిలోల బలంతో నెడితే 25 మి.మీ. బోర్‌లో 3 బార్లు పుడతాయి, 40 మి.మీ.లో 1.2 బార్లు, 50 మి.మీ.లో ముప్పావు బార్. లావు గొట్టం ఎక్కువ నీళ్లు పోస్తుంది, ఎక్కువ దూరం కొట్టదు. నాజిల్ వ్యాసం బోర్‌లో ఆరో వంతు నుంచి ఐదో వంతు ఉంటే చేతి బలం, చేతి వేగం రెండూ సరిపోతాయి. 25 మి.మీ. గొట్టానికి 4, 40 మి.మీ.కు 7 లేదా 8. పిస్టన్‌కు 3.5 మి.మీ. మందం ఓ-రింగ్ (నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు) వాడితే గాడి లోతు 3 మి.మీ., వెడల్పు 4.7 మి.మీ. ఉంచండి. గాడి లోతు తక్కువైతే నెట్టే బలంలో సగం రాపిడికి పోతుంది, ఎక్కువైతే వెనక నుంచి కారుతుంది.

భద్రత విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. పీవీసీ పైపును గాలి ట్యాంకుగా వాడకండి. దాని మీద రాసి ఉండే పీడనం నీటికి సంబంధించినది. 3 బార్ల దగ్గర లీటరు నీటిలో దాగిన శక్తి 0.02 జౌళ్లు, లీటరు గాలిలో దాగినది దాదాపు 250 జౌళ్లు. నీటితో నిండిన పైపు పగిలితే తడుస్తారు. గాలితో నిండిన పీవీసీ పగిలితే పదునైన పెంకులు ఎగురుతాయి. కూల్‌డ్రింక్ సీసా సాగి చిరుగుతుంది కానీ పెంకులవదు, గ్యాస్ పానీయం పీడనానికే చేసినది కాబట్టి 3 బార్ల దాకా నమ్మవచ్చు. నీళ్ల సీసాలు ఇందుకు పనికిరావు. గీతలు పడినా, ఎండలో ఉండి తెల్లబారినా, వేడి నీళ్లు తగిలినా సీసా మార్చేయండి. కొత్తగా కట్టిన గన్‌ను మొదటిసారి గాలి లేకుండా నిండా నీటితో నింపి, వాడబోయే పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి పది నిమిషాలు చూడండి. అంటించిన జాయింట్లకు ఒక రోజు ఆరే సమయం ఇచ్చాకే ఇది చేయాలి. దగ్గర నుంచి ముఖం వైపు ఎప్పుడూ కొట్టకూడదు, ఈ వేగాల్లో 4 మి.మీ. ధార కంటిని నిజంగా గాయపరుస్తుంది.

లోపల ఎంత పీడనం పోతోందో గేజ్ చెప్పదు, అది వాల్వ్ మూసినప్పటి సంగతే చూపిస్తుంది. తెలుసుకునే మార్గం ఇది. 2 లీటర్ల సీసాలో అర లీటరు నీళ్లు కొలిచి పోసి, 2 బార్లు ఎక్కించి, 4 మి.మీ. నున్నని నాజిల్‌తో మొత్తం వదలండి. ఫోనులో వీడియో తీసి సమయం చూడండి. అన్నీ బాగుంటే 2.3, 2.4 సెకన్లలో అయిపోవాలి. 3 సెకన్లంటే లోపల ఇరుకుంది. 4.5 సెకన్లు పడితే వేగం సగమే, అంటే నాజిల్‌కు చేరుతున్నది పావు వంతు పీడనం.

సమయం సరిగ్గా ఉండి దూరం రాకపోతే తప్పు ధార నాణ్యతది, దాన్ని పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. నాజిల్ దగ్గరే గొడుగులా విచ్చుకుంటే మెలి లేదా బయటి అంచు లోపం. ఒక పక్కకు మాత్రమే తుంపర వస్తే ఆ పక్క అంచులో పీచు ఉంది. ఒకటి రెండు మీటర్లు గాజు కడ్డీలా వచ్చి ఆ తర్వాత పొగైపోతే ఆ నాజిల్‌కు ఆ పీడనం ఎక్కువ, అర బార్ తగ్గించి చూడండి, దూరం పెరగడం కళ్లారా చూస్తారు. నీళ్లలో సబ్బు లాంటివి కలపకండి, తలతన్యత తగ్గి ధార ముందే విడిపోతుంది.

వాలు 45 డిగ్రీలు అని పుస్తకాల్లో ఉన్నది గాలి లేని చోటికి. నీటి ధారకు 30 నుంచి 35 మధ్య ఎక్కువ దూరం వస్తుంది, ఎదురుగాలి ఉంటే 25 దగ్గర. దూరం కొలిచేటప్పుడు ఆఖరి చుక్క పడిన చోటు కాదు, నీళ్లు ఎక్కువగా పడిన మచ్చ మధ్య నుంచి కొలవండి. పొడి సిమెంటు నేల మీద అది స్పష్టంగా కనిపిస్తుంది. రెండు ఎదురెదురు దిక్కుల్లో కొట్టి సగటు తీస్తే గాలి ప్రభావం చాలావరకు పోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి.

మీ గన్‌కు చేయాల్సిన పని వరుస ఇది. సీసా, పంపు, వాల్వ్ అలాగే ఉండనివ్వండి. వాల్వ్ తర్వాత 25 మి.మీ. బోర్ పైపు 25 సెంటీమీటర్లు చేర్చండి, అందులో స్ట్రాలు, చివర సీలెంట్ ముక్కుతో చేసిన 4 మి.మీ. కోన్ నాజిల్. లీటరు నీళ్లు, 2.5 బార్లు, 33 డిగ్రీలు. 11, 12 మీటర్లు రావాలి. వచ్చాక అదే ముక్కును బ్లేడుతో కొంచెం కొంచెంగా 4.5కు, తర్వాత 5కు కోస్తూ ప్రతిసారీ కొలవండి. దూరం పెరగడం ఆగిన చోట ఆగి, కొత్త ముక్కు తీసుకుని అంతకు ముందు కొలతకు కోయండి. ఒకసారి కోసిన ముక్కును తిరిగి సన్నగా చేయలేరు కాబట్టి రెండు మూడు ముక్కులు ముందే దగ్గర పెట్టుకోండి.